ముఖం కనిపించని టేబుల్‌లో ఎదుటి ఆటగాణ్ణి చదవడం ఎలా?

గాజువాక నుంచి ఒకరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆయన 6 నెలలుగా ఫోన్‌లో ఉచిత చిప్స్‌తో టెక్సాస్ హోల్డెమ్ (ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు పడే పోకర్) ఆడుతున్నారు. ముక్కల విలువలు, సీట్ల వరుస, పాట్ (మధ్యలో పోగైన చిప్స్) లెక్క బాగానే వచ్చాయి గాని ఎదుటివాడి దగ్గర ఏముందో మాత్రం అంతుపట్టడం లేదు. మొన్న ఆయనకు రెండు జతలు కుదిరిన హ్యాండ్‌లో (ఒక పంపకంలో) ఎదుటి ఆటగాడు రివర్ (మధ్యలో పడే చివరి ముక్క) మీద 20 సెకన్లు ఆగి ఉన్న చిప్స్ అన్నీ నెట్టేశాడు. అంతసేపు తటపటాయించాడంటే బ్లఫ్ (బలం లేని బెదిరింపు) అయి ఉంటుందనుకుని ఈయన కాల్ చేశారు, అంటే అంతకు సమానంగా చిప్స్ పెట్టారు. అతను రెండు జతలను ఓడించే స్ట్రెయిట్ (వరుసగా ఐదు ముక్కలు) చూపించాడు. మనిషి కనిపించని చోట మనిషిని చదవడం సాధ్యమేనా, అయితే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సాధ్యమే. కాకపోతే ఆ 20 సెకన్ల మీద మీరు పెట్టిన దృష్టిని అంతకుముందు గడిచిన అరగంట మీద పెట్టాలి. ఆ ఆటగాడు ఎన్ని హ్యాండ్లలో దిగుతున్నాడు, ఏ సీటు నుంచి ఎంత రైజ్ చేస్తున్నాడు (పందెం పెంచుతున్నాడు), షోడౌన్‌లో (చివర ముక్కలు తిప్పి చూపేటప్పుడు) ఏ ముక్కలు చూపిస్తున్నాడు: ఆన్‌లైన్ పోకర్‌లో అతని ముఖమంటే ఈ మూడే. రివర్ దాకా వచ్చాక కొత్తగా చదవడానికి మిగిలేది చాలా తక్కువ. అప్పటికి చదివి ఉంచుకున్నదాన్ని వాడుకోవడమే అక్కడ జరుగుతుంది.

వివరాల్లోకి వెళ్ళే ముందు ఒక విషయం స్పష్టం చేయాలి. నేను విశాఖపట్నంలో ఉంటాను. 2011 నుంచి 2020 దాకా 6 సీట్ల టేబుళ్ళలో చిన్న మొత్తాలతో ఆన్‌లైన్‌లో ఆడాను. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించినప్పుడు మానేశాను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలకు దేశమంతటా నిషేధం వచ్చింది. ఇప్పుడు ఆదివారం రాత్రుళ్ళు ఎంవీపీ కాలనీలోని ఐదుగురు మిత్రులతో ఎవరి ఇంట్లో వారుండి ఉచిత చిప్స్‌తో ఆడుతున్నాను. కింద రాసినదంతా అలాంటి ఆట కోసమే. దీన్ని చదివి ఎవరూ డబ్బు పెట్టే టేబుల్ వెతుక్కోవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

చదవడం అంటే ఏమిటో నాకు మొదట అర్థమైంది పోకర్‌లో కాదు, పదమూడు ముక్కల రమ్మీలో. చిన్నప్పుడు వేసవి సెలవులకు భీమిలి వెళ్ళేవాళ్ళం. అక్కడ మా మేనత్త ఆడుతుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. ఎవరు ఏ ముక్క ఎత్తుకున్నారో, ఏ ముక్క పారేశారో ఆమెకు ఆట ముగిసేదాకా గుర్తుండేది. ఎవరైనా ఇస్పేటు తొమ్మిది ఎత్తుకున్నారంటే ఇక ఆమె చేతిలోని ఇస్పేటు ఎనిమిది, ఇస్పేటు పది, మిగతా తొమ్మిదులు కదిలేవి కావు. ఆమె ఎవరి ముఖంలోకీ చూసేది కాదు, మధ్యలో పడుతున్న ముక్కల మీదే ఆమె చూపంతా. హోల్డెమ్‌లో అలా ముక్కలు పారేసి కొత్తవి ఎత్తుకునే పద్ధతి లేదు కాబట్టి ఆ సమాచారం దొరకదని అనిపించవచ్చు, కానీ ఎదుటివాడు చేసే ప్రతి ఫోల్డ్ (ఆట నుంచి తప్పుకోవడం), చెక్ (బెట్ చేయకుండా ఊరుకోవడం), కాల్, రైజ్ నిజానికి ఒక పారవేతే. అతను చేసిన ప్రతి పనితో, అతని దగ్గర ఉండగలిగే ముక్కల్లో కొన్ని కొట్టివేయబడతాయి. కొట్టివేయగా మిగిలినవాటినే పోకర్ ఆటగాళ్ళు రేంజ్ అంటారు.

కొత్తవారు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. "వాడి దగ్గర ఆసు-రాజు ఉంది" అని ఒకే జంటను ఊహించి, ఆ ఊహ నిజమైతే సంతోషిస్తారు, తప్పితే తమకు చదవడం రాదనుకుంటారు. ఊహించాల్సింది ఒక గుంపును. 52 ముక్కల్లోంచి రెండేసి ముక్కల జంటలు 1,326 వస్తాయి. అందులో ఆసు-ఆసు 6 రకాలుగా రావచ్చు. ఆసు-రాజు 16 రకాలుగా రావచ్చు, వాటిలో ఒకే జాతివి 4, వేర్వేరు జాతులవి 12. ఈ లెక్క నోటికి వచ్చేదాకా వల్లె వేయండి, ఎందుకంటే తర్వాత చేసే ప్రతి అంచనా దీని మీదే నిలబడుతుంది.

ఒక హ్యాండ్‌ను పూర్తిగా చూద్దాం. బ్లైండ్ల (ముక్కలు చూడకముందే తప్పనిసరిగా చిప్స్ పెట్టే రెండు సీట్ల) పక్క సీటు నుంచి ఒకరు రైజ్ చేశారు. మీరు బటన్ (ఫ్లాప్ నుంచి అందరికన్నా చివర ఆడే సీటు) మీద కళావరు రాజు, కళావరు రాణితో కాల్ చేశారు, మిగతావారు తప్పుకున్నారు. ఫ్లాప్‌లో (మధ్యలో పడే మొదటి మూడు ముక్కల్లో) ఆఠీను రాజు, ఆఠీను ఎనిమిది, కళావరు మూడు పడ్డాయి. అతను బెట్ చేశాడు, మీరు కాల్ చేశారు. టర్న్‌లో (నాలుగో ముక్కగా) ఇస్పేటు రెండు పడితే మళ్ళీ అలాగే జరిగింది. రివర్‌లో డైమన్ ఏడు పడింది, అతను పాట్ ఎంత ఉందో అంత బెట్ చేశాడు. పాట్‌కు సమానమైన బెట్‌ను కాల్ చేయాలంటే మూడింట ఒక్కసారైనా, అంటే 33 శాతం సందర్భాల్లోనైనా మీరు గెలవాలి. (సగం పాట్ బెట్ అయితే 25 శాతం చాలు, పాట్‌కు రెట్టింపు బెట్ అయితే 40 శాతం కావాలి.)

ఇప్పుడు ఈ ఆటగాడు ఎనిమిదింట ఒక హ్యాండ్‌లో మాత్రమే దిగే జాగ్రత్తపరుడని మీకు ముందే తెలుసనుకోండి. మూడుసార్లు ఇలా బెట్ చేయగల అతని ముక్కల్లో మిమ్మల్ని ఓడించేవి ఆసు-ఆసు 6, ఆసు-రాజు 8, ఎనిమిది-ఎనిమిది 3, రాజు-రాజు 1. ఆసు-రాజు 16 కాక 8 ఎందుకైందంటే, ఒక రాజు బోర్డు (మధ్యలోని ఉమ్మడి ముక్కలు) మీద, ఒకటి మీ చేతిలో ఉండగా బయట ఉన్నవి రెండే. మొత్తం 18. అతను ఐదు ఆఠీన్లు కుదరక బ్లఫ్ చేస్తూ ఉండగలవి ఆఠీనులో ఆసు-రాణి, ఆసు-జాకీ, ఆసు-పది, రాణి-జాకీ, జాకీ-పది, అంటే 5. ఆ ఐదింటినీ అతను తప్పకుండా బ్లఫ్ చేస్తాడని ఒప్పుకున్నా, 23లో 5 అంటే సుమారు 22 శాతం. మీకు కావలసింది 33. కాబట్టి ఫోల్డ్ చేయాలి.

అదే సీటులో సగానికి పైగా హ్యాండ్లలో దిగేవాడు, మిస్సయిన డ్రాలతో (కావలసిన ముక్క కోసం ఎదురుచూసి కుదరనివాటితో) రివర్‌లో పెద్ద బెట్లు పెట్టడం మీరు రెండు మూడుసార్లు షోడౌన్‌లో చూసినవాడు ఉన్నాడనుకోండి. అతని రేంజ్‌లో మిమ్మల్ని ఓడించే జంటలూ పెరుగుతాయి. మూడు-మూడు, రెండు-రెండు, ఏడు-ఏడు, రాజుతో కలిసిన రెండు జతలు చేరి 30 దాకా వెళ్తాయి. కానీ బోర్డు మీద ఉన్న రెండూ పోగా బయట 11 ఆఠీన్లు ఉన్నాయి, వాటిలోంచి 55 జంటలు వస్తాయి. అందులో సగం కూడా వద్దు, 25 జంటలతో బ్లఫ్ చేసినా 55లో 25, అంటే 45 శాతం. కాల్ చేయాలి. మీ ముక్కలు, బోర్డు, బెట్, చివరికి ఆలోచించిన సమయం కూడా ఒకటే అయి ఉండవచ్చు. నిర్ణయం మారింది అవతల ఉన్న మనిషిని బట్టి. చదవడం అనే మాటకు నేను ఇచ్చే అర్థం ఇంతే.

ఇక ఆ మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడం ఎలా అన్నది అసలు పని.

మొదట, దిగిన హ్యాండ్లను లెక్కపెట్టండి. బ్లైండ్‌గా బలవంతంగా పెట్టినవి కాకుండా ఇష్టపడి చిప్స్ పెట్టిన హ్యాండ్ల శాతాన్ని ఆటగాళ్ళు వీపీఐపీ అంటారు. ఫ్లాప్‌కు ముందు రైజ్ చేసిన శాతాన్ని పీఎఫ్ఆర్ అంటారు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం చాలా చెబుతుంది. నూటికి 50 హ్యాండ్లలో దిగి 5 మాత్రమే రైజ్ చేసేవాడు కాల్ చేయడానికే కూర్చున్నవాడు, అతన్ని బ్లఫ్ చేయకూడదు. నూటికి 22 హ్యాండ్లలో దిగి 18 రైజ్ చేసేవాడు ఆలోచించి ఆడేవాడు. కంప్యూటర్‌లో ఈ అంకెలు వాటంతటవే చూపించే పరికరాలు ఒకప్పుడు వాడాను. ఫోన్ ఆటల్లో సాధారణంగా అవి ఉండవు, చాలాచోట్ల అనుమతించరు కూడా. కాగితం మీద గీతలు గీసుకుంటే సరిపోతుంది, పైగా గీత గీసే చేయి కంటిని మేలుకొలుపుతుంది.

అయితే కొద్ది హ్యాండ్లు చూసి ముద్ర వేయకండి. నిజానికి 25 శాతం హ్యాండ్లలో దిగే ఆటగాడు, కేవలం వచ్చిన ముక్కల వరస వల్ల, 40 హ్యాండ్ల తర్వాత 12 శాతంగానో 38 శాతంగానో కనిపించవచ్చు. అంటే ఒకే మనిషి ఒక సాయంత్రం పిసినారిగాను, మరో సాయంత్రం దూకుడుగాను తోస్తాడు. అదే 400 హ్యాండ్లు చూస్తే ఆ తేడా సుమారు 21 నుంచి 29 మధ్యకు వస్తుంది. రివర్‌లో బ్లఫ్ చేసే అలవాటు వంటివి ఇంకా అరుదుగా బయటపడతాయి కాబట్టి వాటి మీద నమ్మకం కుదరడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అందుకే ఎప్పుడూ కొత్తవాళ్ళ టేబుల్‌కు మారేవారికి చదవడం అలవడదు. అదే మనుషులతో మళ్ళీ మళ్ళీ కూర్చోండి.

షోడౌన్‌ను వెనక్కి నడిపించి చూడండి. నాకు దీనికన్నా ఎక్కువ నేర్పింది మరొకటి లేదు. ఎదుటివాడు ముక్కలు తిప్పగానే చాలామంది ఎవరు గెలిచారో చూసి తర్వాతి హ్యాండ్‌లోకి వెళ్ళిపోతారు. మీరు మాత్రం అతనికి ఆ ముక్కలు ఉన్నాయని ఇప్పుడు తెలుసు కాబట్టి, ఫ్లాప్‌కు ముందు ఏం చేశాడు, ఫ్లాప్‌లో ఎందుకు చెక్ చేశాడు, టర్న్‌లో పాట్‌లో ఎన్నో వంతు బెట్ చేశాడు అని వెనక్కి వెళ్ళండి. మీరు ఫోల్డ్ చేసిన హ్యాండ్లలో ఇది ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే గెలుపు ఓటముల తొందర ఉండదు. ఒక ఆటగాడితో నెలల తరబడి ఆడి, 9 షోడౌన్లు రాసుకున్నాక, అతను ఒక్క జత ఉంటే సగం పాట్, రెండు జతలకు పైగా ఉంటే మూడింట రెండు వంతులకు మించి బెట్ చేస్తున్నాడని గమనించాను. ఆ సంగతి అతనికే తెలిసి ఉండదు. నేను మనసులో పెట్టుకుని ఉంటే నాకూ తెలిసేది కాదు, రాసుకోవడం వల్ల తెలిసింది. రాసేటప్పుడు "పిరికివాడు", "మూర్ఖుడు" వంటి మాటలు రాయకండి, చూసింది రాయండి: "రెండో సీటు నుంచి రైజ్, ఫ్లాప్ చెక్, టర్న్ సగం పాట్, రాణి-రాణి చూపించాడు." విశేషణం మన కోపాన్ని గుర్తుపెట్టుకుంటుంది గాని అతని ఆటను గుర్తుపెట్టుకోదు.

దీనికి అనుబంధంగా ఒక హెచ్చరిక. తప్పనిసరై చూపించిన ముక్కలకూ, ఇష్టపడి చూపించిన ముక్కలకూ ఒకే విలువ ఇవ్వకండి. 2013 ప్రాంతంలో ఒకతను నన్ను ఫోల్డ్ చేయించి, అవసరం లేకపోయినా తన బ్లఫ్‌ను తిప్పి చూపించాడు. అతను బ్లఫ్ చేసేవాడని రాసుకున్నాను. ఆ తర్వాత రెండు నెలల పాటు అతని పెద్ద బెట్లన్నీ కాల్ చేశాను, దాదాపు ప్రతిసారీ అతని దగ్గర బలమైన ముక్కలే ఉన్నాయి. ఆ ఒక్క చూపింపు నా కోసం వేసిన ఎర అని అర్థమయ్యేసరికి చాలా పోయింది. ఎవరైనా పని గట్టుకుని చూపించారంటే మనం ఏం నమ్మాలని కోరుకుంటున్నారో మాత్రమే దానివల్ల తెలుస్తుంది.

ఇప్పుడు మీరు అడిగిన సమయం సంగతి. సమయంలో సమాచారం అసలు లేదని నేను అనను. నా అనుభవంలో చటుక్కున చేసే కాల్ వెనుక తరచుగా డ్రా గాని, మధ్యస్తమైన జత గాని ఉంటుంది, ఎందుకంటే బలమైన ముక్కలున్నవాడు రైజ్ చేయాలా అని కాసేపైనా ఆలోచిస్తాడు. చాలాసేపు ఆగి పెద్ద రైజ్ చేయడం బ్లఫ్ కన్నా బలానికే ఎక్కువసార్లు గుర్తుగా కనిపించింది. అయినా దీన్ని చివరి సాక్ష్యంగానే తీసుకోండి, లెక్క ఎటూ తేలనప్పుడు మాత్రమే వినండి. ఫోన్‌లో ఆడేవాడు ఇంట్లోవాళ్ళతో మాట్లాడుతుండవచ్చు, బస్సులో ఉండవచ్చు, ఇంకో టేబుల్ కూడా తెరిచి ఉండవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద విరుచుకుపడ్డాక కరెంటు వచ్చినా మా వీధిలో నెట్ చాలా రోజుల పాటు తడబడుతూనే ఉంది. ఆ రోజుల్లో నేను నొక్కిన బటన్ టేబుల్‌కు చేరడానికే చాలా సెకన్లు పట్టేది. నాతో రోజూ ఆడేవాళ్ళు ఆ ఆలస్యాన్ని నా సందేహంగా చదివి, నా దగ్గర మంచి ముక్కలు ఉన్నప్పుడు కూడా నా మీదికి రైజ్ చేశారు. వాళ్ళు ఎక్కడ పొరబడుతున్నారో టేబుల్ ఇవతలి నుంచి చూస్తూ, నేను ఇన్నాళ్ళూ ఇతరుల విషయంలో ఎన్నిసార్లు అదే చేసి ఉంటానో అని బాధ కలిగింది. సమయం చదవాలనుకుంటే ఆ మనిషి మామూలు వేగం ఎంతో ముందు తెలియాలి. ఎప్పుడూ 3 సెకన్లలో ఆడేవాడు ఈసారి 20 తీసుకుంటే అది వార్త. ఎప్పుడూ 20 తీసుకునేవాడు మళ్ళీ 20 తీసుకుంటే అందులో ఏమీ లేదు.

ఉచిత చిప్స్ ఆటకు మరో మాట జోడించాలి. పోయినా మళ్ళీ వచ్చే చిప్స్ కాబట్టి చాలామంది ఏది వచ్చినా కాల్ చేస్తారు. అందువల్ల అక్కడ నేర్చుకోవాల్సిన మొదటి పఠనం "ఇతను ఫోల్డ్ చేస్తాడా, చేయడా" అన్నదే. ఎప్పుడూ చెక్, కాల్ చేస్తూ పోయేవాడు టర్న్ మీదో రివర్ మీదో రైజ్ చేశాడంటే నమ్మండి. మా ఆదివారం టేబుల్‌లో పోర్టులో పనిచేసే మిత్రుడు ఒకరున్నారు. ఆయన రివర్ రైజ్‌లను రెండేళ్ళుగా రాసుకుంటున్నాను, అవి 14 అయితే వాటిలో 13 సార్లు ఆయన దగ్గర స్ట్రెయిట్ గాని, ఫ్లష్ (ఒకే జాతి ముక్కలు ఐదు) గాని, అంతకన్నా పెద్దది గాని ఉంది. ఈ సంగతి మా టేబుల్‌లో అందరికీ తెలుసు. అయినా ఎవరో ఒకరు కాల్ చేస్తూనే ఉంటారు, అడిగితే "ఏముందో చూద్దామని" అంటారు. ఆ కోరికను మీలో గుర్తుపట్టడం కూడా ఈ విద్యలో భాగమే. మీరు రెండు జతలతో చేసిన కాల్‌లో ఆ కోరిక ఎంత, ఎదుటివాణ్ణి చదివినది ఎంత అని నిజాయతీగా చూసుకోండి.

అందరినీ చదవగలమని కూడా అనుకోవద్దు. 2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో లిబ్రాటస్ అనే ప్రోగ్రాం నలుగురు వృత్తి ఆటగాళ్ళతో 20 రోజుల్లో 1,20,000 హ్యాండ్లు ఆడి స్పష్టంగా గెలిచింది. అది ఎదుటివాళ్ళ బలహీనతలను వేటాడడం కన్నా, వాళ్ళు తన ఆటలో కనిపెట్టిన కన్నాలను ప్రతి రాత్రీ పూడ్చుకోవడం మీద దృష్టి పెట్టింది. బలంగా, సమతూకంగా ఆడేవారి ముందు మనమూ అదే చేయాలి. చదవలేనప్పుడు పాట్ లెక్క ప్రకారం ఆడి, మన ఆట వాళ్ళకు చదవడానికి దొరకకుండా చూసుకోవాలి. అంటే బలం ఉన్నప్పుడూ లేనప్పుడూ బెట్ పరిమాణం, తీసుకునే సమయం ఒకేలా ఉంచుకోవాలి.

అభ్యాసానికి నేను చేసే, చేయమని చెప్పే పని ఒకటుంది. నార్వే ఆటగత్తె ఆనెట్ ఒబ్రెస్టాడ్ 2007లో 180 మంది పాల్గొన్న ఒక ఆన్‌లైన్ పోటీని దాదాపు మొత్తంగా తన ముక్కలు చూడకుండా ఆడి గెలిచారు. సీటు, ఎదుటివాళ్ళ కదలికలు, ఇవి మాత్రమే ఆధారం. మనకు అంత అవసరం లేదు. తెర మీద మీ ముక్కలు పడే చోట చిన్న కాగితం అంటించి వారానికి ఒకసారి 30 హ్యాండ్లు ఆడండి. మన ముక్కలు కనిపిస్తున్నంతసేపూ కళ్ళు వాటి దగ్గరే ఉంటాయి, అవి మూతపడితే చూపు టేబుల్ చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. దీనితోపాటు, ఎవరిదైనా షోడౌన్ రాబోతుంటే ముక్కలు తిరగకముందే ఆ మనిషి దగ్గర ఉండగలిగే మూడు రకాల ముక్కలు రాయండి. మొదటి నెల నేను రాసిన మూడింటిలో ఒకటైనా తగిలింది ఐదింట ఒకసారి. ఏడాది తర్వాత అది సగానికి వచ్చింది, ఇప్పటికీ అంతకు మించి పెద్దగా పెరగలేదు.

చివరగా మీ హ్యాండ్. స్ట్రెయిట్ చూపించిన ఆ ఆటగాడు ఏ సీటు నుంచి దిగాడో, ఫ్లాప్, టర్న్‌లలో బెట్ చేశాడా లేక మీ బెట్లను కాల్ చేస్తూ వచ్చాడా, అంతకుముందు గంటలో రివర్ మీద ఎన్నిసార్లు రైజ్ చేశాడో మీ ప్రశ్నలో లేదు. కాల్ చేస్తూ వచ్చి, స్ట్రెయిట్ కుదిరే ముక్క రివర్‌లో పడగానే అన్నీ నెట్టినవాడైతే ఆ 20 సెకన్లను పక్కనపెట్టి ఫోల్డ్ చేయాల్సింది. రెండు జతలు చూడడానికి పెద్దవి గాని, అలాంటివాడు అక్కడ ఒక్క జతతో అన్నీ నెట్టడు. మొదటి నుంచీ తానే బెట్ చేస్తూ వచ్చినవాడైతే లెక్క వేరు, ఆఠీన్ల ఉదాహరణలో చేసినట్టు జంటలు లెక్కపెట్టి చూడాలి. బోర్డు ముక్కలు, మీ ముక్కలు, పాట్ ఎంత ఉండగా అతను ఎంత నెట్టాడో గుర్తున్నంత మేరకు రాయండి, ఆ లెక్కను ఇక్కడే కలిసి వేద్దాం.